డాక్టరు చెప్పిన ఫిల్లింగు

మా కాలనీలో ఎవరికి వేలు చితికినా పదిమంది వచ్చి పరామర్శిస్తారు. నా కుడి దవడ పన్ను పోయి ఇన్నేళ్లయినా "అదెట్ల పోయింది?" అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. నేనే చెప్పబోతే "ఆఁ, తెలుసులే" అని నవ్వుకుంటూ తప్పుకున్నారు. మీరైనా కూర్చోండి. రోజూ భూమి కిందికి దిగి ప్రాణాలతో పైకి వచ్చినవాణ్ణి, దవాఖాన కుర్చీలో కూర్చుని సర్వనాశనమైన వైనం చెబుతాను.

అప్పట్లో నేను గోదావరిఖని బొగ్గుగనిలో, మా మాటలో బాయిలో, ఫిల్లర్‌ని. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో పోయడం నా పని. దాన్నే మేం ఫిల్లింగ్ అంటాం. ఇక ఆ పన్ను సంగతా? మాంసం కూరలోని నల్లి ఎముకను ఒక్క కొరుకుతో రెండు చేసేది. నాకున్న ఆస్తి అదొక్కటే. అలాంటిది, చల్లనీళ్లు తగిలితే జివ్వుమనడం మొదలుపెట్టింది. సెలవు చీటీ కూడా దొరుకుతుందన్న ఆశతో దవాఖానకు వెళ్లాను. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన పళ్ల డాక్టరు నోట్లో లైటు వేసి చూశాడు.

"పంటికి బొక్క పడిందయ్యా."

మా దగ్గర బొక్క అంటే ఎముక. "అవు సారూ, మొన్న యాటకూరల బొక్కనే కొరికిన. ఇరుక్కున్నదా?"

"ఇరుక్కోవడమేంటి? కన్నం! చిన్నదేలే, నరం దాకా పోలేదు. ఫిల్లింగ్ చేస్తే సరిపోతుంది."

బాయిలో పైకప్పు నెత్తిన కూలినట్టయింది. నొప్పి అని వస్తే పనిలోకి పొమ్మంటాడా!

"ఫిల్లింగ్ చేసుకుంటనే ఉన్న గద సారూ!"

"ఇంతకుముందే చేయించావా? ఎక్కడ?"

"ఎక్కడేంది? బాయిల."

"బావిలోనా!" డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎవడయ్యా చేసింది?"

"ఎవడో చేసుడేంది? నేనే చేసిన, నా చేతులతోని."

ఆయన నన్ను దయ్యాన్ని చూసినట్టు చూశాడు. "అది పనికిరాదు. మళ్లీ సరిగ్గా చేయాలి. సోమవారం పొద్దున్నే ఫిల్లింగ్. మరిచిపోకు."

నా ఫిల్లింగ్ పనికిరాదా! పని చూసే సర్దార్ కూడా ఎన్నడూ అనని మాట అది. ఇప్పటికీ చెవిలో గింగురుమంటోంది.

సోమవారం పొద్దున్నే బాయిలో దిగాను. కోపమంతా బొగ్గు మీద చూపిస్తూ డబుల్ డ్యూటీ చేశాను. నొప్పి ఇంకా ముదిరింది. చల్లనీళ్లతో పని లేకుండా దానంతటదే సలపడం మొదలైంది. నేను పట్టిన కుందేలుకు మూడు కాళ్లు కూడా ఉండవు, నింపుతూనే ఉన్నాను. కొన్నాళ్లకు ఒకరోజు నొప్పి చప్పున మాయమైంది!

నాతో పాటు బొగ్గు నింపే రాజయ్య బావతో గొప్పగా చెప్పాను. "డాక్టరు మొగోడే బావా! ఫిల్లింగ్ చేస్తే పోతదన్నడు, పోయింది!"

"గట్లయితే మనలో ఎవ్వనికి పన్ను నొప్పే రావద్దు గదనే? పొద్దంత గదే చేస్తున్నం."

"నువ్వు మనసు పెట్టి చేస్తలేవు."

నెల తిరగకుండానే నా దవడ గుమ్మడికాయంత ఉబ్బింది. ఒక కన్ను మూసుకుపోయింది. బావే నన్ను దవాఖానకు లాక్కుపోయాడు.

"ఫిల్లింగ్‌కు రమ్మంటే రాలేదేం?" డాక్టరు కసిరాడు.

"నాగా పెట్టలే సారూ! టబ్బులకు టబ్బులు నింపిన."

"టబ్బులా?"

బావకు ముందు వెలిగింది. "సారూ, మీరు చెప్పింది పంటికా?"

"మరి దేనికి?"

తెరిచి ఉన్న ఒక్క కన్నుతో డాక్టరును చూస్తూ అడిగాను. "పంటిల నింపుతరా? ఏం నింపుతరు? బొగ్గా?"

"వెండి కలిపిన ముద్ద! నొప్పి పోయింది నయమై కాదయ్యా, లోపల నరం చచ్చి. ఇప్పుడు చీము పట్టింది. ఇక ఫిల్లింగ్ ఒక్కటే సరిపోదు. రూట్ కెనాల్ చేయాలి."

కుర్చీలోంచి ఎగిరి దూకాను. అప్పుడు మా ఊరి దిక్కున కెనాల్ తవ్వకం జోరుగా సాగుతోంది మరి. "కెనాలా! పర్మినెంటు నౌకరి ఉన్నోణ్ని, దవడ వాసి సస్తుంటె, మట్టి తవ్వుమంటవా?"

వరుసలో కూర్చున్న రోగులందరూ తలా ఒక దవడ పట్టుకుని నవ్వారు. డాక్టరు తల పట్టుకున్నాడు. "పంటి వేళ్లలో సన్నటి దారులుంటాయయ్యా. కుళ్లిన నరం తీసి, కడిగి, మూసేస్తారు. పన్ను దక్కుతుంది. కాకపోతే హైదరాబాదు పోవాలి. లేదంటే పీకడమే."

"నేను కెనాల్ దిక్కు పోను. పీకుండ్రి," అన్నాను. అంతమంది నవ్వాక మాట మార్చుకుంటానా?

"హైదరాబాద్ పోదాం పట్టురా," బావ బతిమాలాడు.

"నోట్లకెళ్లి మాట ఎళ్లినంక ఎళ్లినట్టే."

"మాటుంటది సరే, పన్నుండదిరా!"

ఉండలేదు. కళ్లముందే నా ఆస్తి పళ్లెంలో టంగుమని పడింది. నోటినిండా దూది. డాక్టరు భుజం తట్టాడు. "పుండు మానాక రా. అటు పన్నుకూ ఇటు పన్నుకూ ఆనించి బ్రిడ్జి కట్టాలి."

దూదితోనే పరుగెత్తాను. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

మిగిలిన పళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: దేంతో, ఎక్కడ, ఎవరు చేయాలో అడగకుండా ఏ డాక్టరు మాటకూ ఇక తలూపను. కానీ నాదొక్క ప్రశ్న. ఫిల్లింగు మాది, కెనాలు రైతులది, బ్రిడ్జి ఇంజనీర్లది. పళ్ల డాక్టర్లకు సొంత మాట ఒక్కటీ దొరకలేదా? ఎవరో ఒకరు జవాబు చెప్పండి. చెప్పేదాకా ఇక్కణ్ణుంచి లేవను.