అద్దాలు తుడిచేంతసేపు

గులాం నబీ సార్ రిటైరైన ఉర్దూ పంతులు. పల్లెల్లో తగాదాలు ఎలా పుడతాయో, ఎలా తీరుతాయో చదువుకునే ఎమ్మే విద్యార్థులు ఏటా ఢిల్లీ నుంచి నల్గొండకు వచ్చేవారు. జీపులో వాళ్ల వెంట తిరిగి, ఊరివాళ్ల తెలుగును హిందీలో చెప్పడం ఆయన పని. ఎవరేమన్నా ముందు కళ్లద్దాలు తీసి, జేబురుమాలుతో తుడిచి, మళ్లీ పెట్టుకునేవాడు. ఆ తుడిచేంతసేపట్లో బూతులు రాలిపోయేవి, శాపాలు బాధలయ్యేవి. పరాయివాళ్ల ముందు ఊరి పరువు తీయడం ఆయనకు చేతకాదు. తొంభై రెండు వేసవిలో, ఉమ్మడి బావి దగ్గర లింగస్వామి పిడికిలి బిగించి, "గీ ఎండకాలం దాటనియ్య, మా అన్నను నరుకుత," అన్నాడు. సార్ అద్దాలు తుడుచుకుని, "అన్న మీద కాస్త కోపంగా ఉన్నాడు," అని చెప్పాడు. కూర్చోబెట్టి మాట్లాడితే తీరే తగాదా అని విద్యార్థులు రాసుకుపోయారు. ఇరవై రోజులకు లింగస్వామి అన్నంత పనీ చేశాడు.

మరుసటేడు కొత్త విద్యార్థులతో సార్ అదే బావి దగ్గరికి వెళ్లాడు. చనిపోయినవాడి భార్య అండాలు ఎదురొచ్చింది. విద్యార్థులవైపు చూడనైనా చూడలేదు. "ఆడు గా మాటన్ననాడు నువ్వు ఈడనే ఉంటివి గద సారూ. గీళ్లకు చెప్పకుంటే మానె, నాకన్న ఎందుకు చెప్పలే?" అంది. ఆమె ఏమంటోందని ఒక అమ్మాయి అడిగింది. గులాం నబీ అద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. "ఎండన పడి వచ్చారు, మంచినీళ్లు తాగుతారా అంటోంది," అన్నాడు. ఆ అమ్మాయి నవ్వుతూ అండాలుకు రెండు చేతులూ జోడించింది.