మిత్తి పైసల సంగతి అడగడానికి వక్రా దాకా

మా సలీం దోహాలో డ్యూటీ మీద ఉండగానే పోయాడు. కంపెనీ ఇచ్చిన పైసల్ని దోహాలోనే ఉండే అల్లుడు అక్కడి బ్యాంకులో వేశాడు. వాటితో మా ఊరి బడి దగ్గర వాడి పేరు మీద బోరు వేయించాలని నా ఆశ. అయితే బ్యాంకు వాటికి వడ్డీ, అదే మిత్తి, కలిపింది. మిత్తి మాకు హరాం, ముట్టకూడని సొమ్ము. ఆ నీళ్ళ పుణ్యం నా బిడ్డకు చేరుతుందా? అది అడగడానికే ఖతర్ వచ్చాను. ఊళ్ళోవాళ్ళు మాత్రం దుబాయ్ పోయిందనే అనుకుంటున్నారు, అనుకోనీ.

పొద్దున ఎనిమిదింటికి అల్లుడుండే ఉమ్ ఘువైలినా నుంచి బయలుదేరాం. కారు జగిత్యాల రాజన్నది, రోజంతా తిప్పడానికి ఎనభై రియాళ్ళు. చమురు పైసలు పొంగుతున్న రోజులు, ఏ రోడ్డు చూసినా తవ్వే ఉంది. మదీనత్ ఖలీఫా అనే పేట చేరడానికే గంట పట్టింది. "ఫులూస్ పోస్తున్నరు గని గుంతల మట్టి పోస్తలేరక్కా" అన్నాడు రాజన్న. ఫులూస్ అంటే అరబ్బీలో పైసలు.

అక్కడ పిల్లలకు ఖురాన్ చెప్పే హైదరాబాద్ హజ్రత్ నా మాట సగమే విన్నారు. "ఆ బ్యాంకులో ఆడవాళ్ళకు వేరే లైనుందా?"

"ఉంది హజ్రత్."

"నమాజుకు గది?"

"ఉంది."

"అయితే అంతా హలాలే బెహన్!"

నాకు నమ్మకం కుదరలేదు. "మీ పైసలు కూడా అందులోనేనా?" అన్నాను. ఆయన సిగ్గుపడి, "నావి పాలపొడి డబ్బాలో" అన్నారు.

కారెక్కి చెబితే రాజన్న స్టీరింగ్ మీద వాలి నవ్వాడు. "డబ్బాల నమాజు గది ఉందా అని అడగకపోయినవా అక్కా!"

అక్కడి నుంచి దోహాకు దక్షిణాన ఉన్న వక్రా పోయి, రేవు దగ్గర మనిషికి పన్నెండు రియాళ్ళకు చేప, అన్నం తిన్నాం. మధ్యాహ్నం అస్ర్ నమాజు అయ్యాక అక్కడి మసీదు ఇమాం, నిజామాబాద్ పెద్ద హజ్రత్‌ను కలిశాను. ఆయన అంతా విని, "నాకు తెల్వదు చెల్లె" అన్నారు. నేను లేవబోయాను.

"ఒంటెలు, ఖర్జూరాల బేరం ఎట్ల చెయ్యాల్నో కితాబుల చదివిన. బ్యాంకు సంగతి ఇప్పుడే నేర్చుకుంటున్న. మా ఇమాములకు సాయంత్రం క్లాసు పెట్టిన్రు. మొదటి పరీక్షల ఫేలయిన. ఉండు, మా సారును అడుగుత."

ఫోన్లో చాలాసేపు మాట్లాడి నా వైపు తిరిగారు. "అసలు నీ కొడుకుదే, దాంతోని బోరు ఏయించు. మిత్తి మాత్రం పుణ్యం ఆశించకుండ వదిలించుకోవాలె. బీదోళ్ళకు మరుగుదొడ్డి కట్టిచ్చినా సరే. దానికి సలీం పేరు పెట్టకు."

"మరి ఎవరి పేరు పెట్టాలి?"

హజ్రత్ గడ్డం నిమురుకున్నారు. "పెట్టక తప్పదంటే బ్యాంకు మేనేజర్ పేరు పెట్టు."

సలీం పోయాక నేను మనసారా నవ్వింది అప్పుడే. నవ్వుతుంటేనే ఏడుపొచ్చింది. హజ్రత్ ఒక గ్లాసు నీళ్ళు నా ముందు పెట్టారు.

వాడి కష్టం పాడైపోయిందేమో అని ఇన్ని నెలలు ఆ పైసలు ముట్టలేదు. పాడు కాలేదు. ఎండలో ఆడొచ్చిన పిల్లలు వాడి నీళ్ళు తాగుతారు, నాకదే చాలు. ఇలాంటి పని మీద ఎవరైనా పోతే, అసలెంతో మిత్తెంతో ముందే బ్యాంకులో విడివిడిగా రాయించుకొని పోండి. నేను ఆ పని చేయక మళ్ళీ బ్యాంకుకు తిరగాల్సి వచ్చింది.