కింద అక్షరాలు పడే సినిమాలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా తమ్ముడి కూతురు తన ఫోను నా చేతిలో పెట్టి, ఏదో యూరపు దేశపు సినిమా చూస్తుండమని చెప్పి వంటింట్లోకి వెళ్లింది. పాటల్లేవు, కొట్లాటల్లేవు, ఒక ముసలాయన కిటికీ పక్కన ఊరికే కూర్చున్నాడు, అంతే. ఆ మౌనం నన్ను ఎల్లారెడ్డిలో నేను లెక్చరరుగా పనిచేసిన రోజుల్లోకి, మా ఆయనకు చెవులు వినబడకుండా పోయిన కాలంలోకి లాక్కెళ్లింది.

మాట వినబడని మనిషి మెల్లమెల్లగా మాట్లాడటం కూడా మానేస్తాడని, అలాంటి ఇల్లు చూసిన మన ఈడువాళ్లకు తెలుసు. ఒక పెద్ద జ్వరం తగ్గేసరికి ఆయన వినికిడి పోయింది. చెవిలో మిషను పెట్టిస్తే హోరు తప్ప మాట రాలేదు. అరిచి అరిచి విసిగిన స్నేహితులు రాకపోకలు తగ్గించారు. నేను కూడా అన్నం వడ్డించి, చేత్తో సైగ చేసి ఊరుకునేదాన్ని. పెళ్లయిన కొత్తలో ఏ సినిమా వచ్చినా నన్ను కామారెడ్డి తీసుకెళ్లిన మనిషి, టాకీసు ముందు నుంచి పోతూ కూడా తలెత్తేవాడు కాదు.

ఆ రోజుల్లోనే కామారెడ్డిలో నాకు తెలిసిన లెక్చరరు ఒకాయన కొత్త యూరపు సినిమాలు తెప్పించి, నెలకో ఆదివారం కాలేజీ హాల్లో తెర కట్టి చూపించేవాడు. అయ్యాక, ఒంటరితనమంటే ఏమిటి, ముసలితనమంటే ఏమిటి అని చూసినవాళ్లందరితో మాట్లాడించేవాడు. మాటలన్నీ తెర కింద ఇంగ్లీషులో పడతాయని తెలిసి మా ఆయన్ని బతిమాలి తీసుకెళ్లాను. ఆ సినిమాల్లో మనుషుల భాష నాకూ రాదు గనుక ఆ రెండు గంటలు నేనూ చెవులు లేనిదాన్నే. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒకే వాక్యాన్ని చదువుకున్నాం.

ఆ రోజు సినిమాలో, మంచు దేశంలో ఒక ఇల్లు. భార్య రోజూ భర్తకు పళ్లెం పెట్టి, తాను ఇంకో గదిలో తింటుంది. అది చలిదేశపు ఒంటరితనమనీ, మన దగ్గర అలా ఉండదనీ హాల్లో అందరూ తేల్చారు, నేనూ తలూపాను. తిరుగు బస్సులో, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియని మా ఆయన అన్నాడు:

"ఆమెకు ఆయన మీద కోపం లేదు. అలిసిపోయింది, గంతే. నువ్వు గూడ అలిసినవా?"

బస్సంతా మావైపు తిరిగింది. నాకు సిగ్గేయలేదు. ఆయన నా పెదవులు చూసేలా ముఖం తిప్పి, "అలిసిన" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, బస్సు ఎల్లారెడ్డి చేరేదాకా వదల్లేదు.

ఆ తర్వాత ప్రతి సినిమాకూ మాకు కొట్లాటే. కూతుర్ని విడిచి రైలెక్కిన తల్లిది రాతిగుండె అని నేనంటే, "నువ్వెప్పుడు ఏడ్చెటోళ్లనే నమ్ముతవ్" అనేవాడు. పక్కింటివాళ్లు మేం పోట్లాడుకుంటున్నామనుకునేవారు. ఆ ఇంట్లో అంత సంతోషం అంతకుముందెన్నడూ లేదని వాళ్లకేం తెలుసు.

ఆయన పోయాక ఒక్కసారి వెళ్లి, సగంలోనే లేచి వచ్చేశాను. తర్వాత ఆ లెక్చరరుకు బదిలీ అయింది, హాల్లో సినిమాలు ఆగిపోయాయి.

ఇప్పుడు ఏ దేశపు సినిమా అయినా అరచేతిలోకే వస్తోంది, బస్సెక్కే పని లేదు. మన బతుకుల్లాంటి బతుకులే వాటిలోనూ కనిపిస్తాయి. చూస్తాను, నాకు తోచిన అర్థం చెప్పుకుంటాను. అది తప్పనడానికి మనిషి లేడు.