సీసాలో మిగిలిన జ్వరం

నెహెమ్యాది రెంటచింతల. మాచర్ల దగ్గర క్వారీలో నాపరాళ్లు కోసే మెషీన్ మీద పని. నలభై దాటినా చేతిలో పట్టు తగ్గలేదు గానీ, తమ్ముడు ఏలియా పోయినప్పటి నుంచి మాట తగ్గింది.

ఏలియా ఒరిస్సా కొండల్లో రాతిపనికి పోయి జ్వరంతో తిరిగొచ్చాడు. రోజు మార్చి రోజు మధ్యాహ్నం చలి పట్టుకునేది. నాలుగు దుప్పట్లు కప్పినా మంచం కదిలిపోయేది. చివరికి మలేరియా మెదడుకెక్కింది. నరసరావుపేట ఆసుపత్రిలో, అన్నను గుర్తుపట్టకుండానే పోయాడు.

రెండేళ్లకు ఒక ఫోనొచ్చింది. నరసరావుపేటలో ఓ కాలేజీలో పరిశోధన చేస్తున్నానంది ఆ అమ్మాయి, పేరు దీపిక.

"ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ తమ్ముడి రక్తం కొంచెం మాకిచ్చారన్నా, మీరే సంతకం పెట్టారు. అందులోని మలేరియా క్రిముల్ని పెంచుతున్నాం. ఇకముందు ఉంచుకోవాలంటే మీరు మళ్లీ ఒప్పుకోవాలి."

"ఏంది, ఇంకా బతికే ఉన్నయ్యా?"

"ఉన్నాయన్నా."

ఏలియా భార్య సలోమికి చెప్తే, చాటలో బియ్యం ఏరుతున్నదల్లా చేయి ఆపింది. "పారబొయ్యమను బావా. మనిషి మట్టిలో కలిసిపోయె. ఆయన్ని తిన్నయ్యి మాత్రం బతకాల్నా?"

ఆ మాటే చెప్పి రావాలని నెహెమ్యా బస్సెక్కాడు.

కాలేజీలో దీపిక పనిచేసే ల్యాబ్ గది చల్లగా ఉంది. మూలనున్న పెట్టె తలుపు దీపిక తెరవగానే లోపలి వేడి అతని మొహానికి తగిలింది. "మనిషి ఒంటి వేడే పెడతాం," అంది. అరలో చిన్న సీసాలు పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని అడుగున పల్చటి ఎర్రపొర. దీపిక చూపించినదాని మీద ఏదో నంబరుంది, ఏలియా పేరు లేదు.

"ఇది మా వాడి రక్తమేనా?"

"కాదన్నా. మీ తమ్ముడి రక్తం మొదటి వారాల్లోనే అయిపోయింది. ఇవి ఆ క్రిముల పిల్లల పిల్లలు. దాతల రక్తం పోస్తూ ఉంటాం. వారం రోజులు పోయకపోతే చచ్చిపోతాయి."

నెహెమ్యా సీసా వంకే చూస్తూ నిలబడ్డాడు. అందులో ఏదీ కదలడం లేదు. అయినా తనను ఎవరో చూస్తున్నట్టనిపించింది.

దీపిక మైక్రోస్కోప్ దగ్గరకు పిలిచింది. లేత గులాబీ చుక్కలు, అవి రక్తకణాలట. కొన్నింటిలో సన్నటి ఊదా ఉంగరాలు, అవే క్రిములు. పెద్దవైనవాటిలో గింజల్లా కిక్కిరిసిన పిల్లలు. ఒక కణమైతే చిట్లిపోయి ఉంది.

తర్వాత ఇంకో స్లైడు పెట్టింది. ఇందులో ఏ కణమూ చిట్లలేదు. లోపల అన్నీ ఒకే ముద్దగా ఉండిపోయాయి.

"ఇవి మందు వేసినవి. క్రిమి దగ్గర ఒక ఎంజైమ్ ఉంటుందన్నా. అది ప్రోటీన్లకు చిటికెడు కొవ్వు తగిలిస్తుంది. ఆ కొవ్వుంటేనే ప్రోటీన్ పొరకు అతుక్కుంటుంది. ఎంజైమ్‌ని ఆపితే పిల్లలకు పొర తయారవదు, విడిపోలేవు."

"అయితే మందు దొరికినట్టేగా?"

"అలాంటి ఎంజైమ్ మన ఒంట్లోనూ ఉంది. వాటిదాన్నే ఆపాలి, మనదాన్ని ముట్టుకోకూడదు. దానికింకా చానా ఏళ్లు పట్టొచ్చు. మామూలు మందులకు లొంగని రకం కాబట్టి మీ తమ్ముడివి మాకు ముఖ్యం."

నెహెమ్యా ఇంకోసారి ఆ సీసా వంక చూశాడు. పారబొయ్యమని చెప్పడానికి నోరు రాలేదు. కాగితం మీద సంతకం పెట్టి, చొక్కా చేయి పైకి మడిచాడు.

"నాది ఓ పాజిటివ్. పనికొస్తదా?"

పరీక్షలన్నీ చేసి రక్తం తీసుకున్నారు. అందులో కొంత సీసాలోకి వంచుతుంటే అద్దం బయట నిలబడి చూశాడు. పాత ముదురు ఎరుపులోకి అతని రక్తం మెల్లగా కలిసిపోయింది. ఆ రాత్రికే అవి అందులోకి చొరబడతాయని దీపిక చెప్పింది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. సలోమి నెలరోజులు అతనితో మాట్లాడలేదు.

మూడు నెలలకు అతను మళ్లీ నరసరావుపేటకు బయలుదేరుతుంటే బస్టాపు దాకా వచ్చి, రెండు దానిమ్మకాయలు చేతిలో పెట్టింది.

"తిను బావా, రక్తం పడతది," అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.