ఎడమ మోకాలు

మా వీధిలో పెద్దవాళ్ల ఆరోగ్యం గురించి అడగడానికి సర్వే అమ్మాయి వచ్చినప్పుడు, నా అంత కచ్చితంగా జవాబు చెప్పేవాళ్లు తిరుపతిలోనే ఉండరనుకున్నాను. గ్యాస్ బండ మార్చిన తేదీ కూడా క్యాలెండర్ మీద రాసిపెట్టే మనిషిని. డెబ్బై దాటాక నాకున్న భయం ఒకటే, మతి తప్పుతుందేమోనని.

“కీళ్లవాతం ఉందని ఏ డాక్టరన్నా చెప్పినాడా అవ్వా?”

“చెప్పినాడు. ఎడమ మోకాలు, లోపలి పక్క అరిగిపోయిందన్నాడు. నాలుగేళ్లయింది. ఉగాది పోయిన మూడోనాడు.”

“మరి చేతులు?”

“చేతులకేమీ లేదు. రాసుకో.”

ఆ పిల్ల నవ్వింది. “మీరు చెప్పేదీ డాక్టరు చెప్పేదీ ఒకటో కాదో చూసేదే మా పని అవ్వా. శనివారం రండి, ఎక్స్‌రే తీస్తారు.”

“ఒకటే ఉంటాది. కాకుంటే నీకు వడలు చేసి పెడతా.”

శనివారం చేతికర్ర పోటేసుకుంటూ వాళ్ల ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు నా మోకాలు వంచి, చాచి, నొక్కి చూశాడు. తర్వాత ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు.

“ఈ మోకాలికి ఏమీ లేదవ్వా. నడివయసామె మోకాలు మాదిరి ఉండాది.”

పిడికిలి మూయమన్నాడు. వేళ్లు సగంలోనే ఆగిపోయాయి. కణుపుల దగ్గర లావెక్కిన చోట్లు తడిమి, “చెడింది ఇవి. నొప్పి తెలీలేదా?” అన్నాడు.

తెలియలేదు. వయసు మీదపడితే అందరి చేతులూ అంతేననుకున్నాను.

“మోకాలని చెప్పిన డాక్టరు యాడుంటాడు అవ్వా?” అని పక్కనే నిలబడి రాసుకుంటున్న ఆ పిల్ల అడిగింది.

ఆ గది నాకు కళ్లకు కట్టినట్టే ఉంది. చెప్పడం మొదలుపెట్టాను. పచ్చ రెక్సిన్ బల్ల. పక్కన చప్పుడు చేసే ఫ్యాను. మోకాటి చిప్ప మీద డాక్టరు చల్లటి వేళ్లు. “ఇది అరిగిపోయిందమ్మా” అన్న మాట. అంతవరకు చెప్పి ఆగిపోయాను. ఆ గదిలో నేను నిలబడి ఉన్నాను. నా చేతిలో ఒక జత చెప్పులున్నాయి. అవి నావి కావు.

బల్ల మీద కూర్చున్నది మా వదిన, నా భర్తకు అక్క. తన భర్త పోయాక కార్వేటినగరం నుంచి వచ్చి, చనిపోయేదాకా మా ఇంట్లోనే ఉండిపోయింది. ప్రతి సాయంత్రం దీపం పెట్టాక ఆమె ఎడమ మోకాలికి నువ్వుల నూనె రాసి వత్తేదాన్ని. “మెల్లిగా మే. అది నీ కాలే అనుకో” అనేది.

ఉగాది పోయిన మూడోనాడు ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజు. నా నొప్పి మొదలైన తేదీ ఎంత వెతికినా దొరకలేదు. తేదీతో సహా గుర్తున్నదే నాది కాకపోతే, గుర్తున్న మిగతావాటిలో నావి ఎన్ని?

“ఏం రాయాల అవ్వా? ఉండాదా, లేదా?”

“మోకాలు... నాకు లేదు. చేతులకుండాది. దిద్దుకో.”

“మరి వడలు?”

“రేపు రా.”

చేతికర్ర చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాను. ఏమీ లేని మోకాలు కదా. వీధి మలుపు దాకా మామూలుగానే నడిచాను. మా గుమ్మం కనబడగానే ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడవసాగాను. ఆ కర్ర కూడా వదినదేనని అప్పుడు గుర్తొచ్చింది.

దీపం పెట్టి కూర్చున్నాను. రోజూ మాదిరి నా మోకాలు ఈ రోజు వత్తకూడదనుకున్నాను. చూసేసరికి నూనె గిన్నె పక్కనే ఉంది, చేతులు తడిగా ఉన్నాయి. మొదటిసారి వేళ్లు నొప్పెట్టాయి. బొటనవేలితో మోకాలి లోపలి పక్క నొక్కాను. గోళీ అంత గట్టి బుడిపె తగిలింది. వదిన కాలికి ఏళ్ల తరబడి వత్తిన బుడిపె. పొద్దున డాక్టరు వేళ్లకు తగల్లేదు, ఫిల్ములోనూ లేదు.

మెల్లిగా వత్తాను.