ఏదున్నా కారుతో చెప్పు

ఆ ఊళ్లో ఎర్రలైటు పడితే కార్లు ఆగేవి గానీ నోరు మూసేవి కావు. బండి కదలదు, ఇంజిన్ మాత్రం మర్యాద తక్కువైన పెద్ద చుట్టంలా గుర్రుమంటూనే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు పెట్రోల్లో ఏదో కల్తీ ఉందనుకునేవారు. కల్తీ పెట్రోల్లో లేదు, కాళ్లలో ఉంది. ఆ కాళ్లకి విద్య నేర్పింది బ్రేకక్క.

బ్రేకక్కకి అమ్మా నాన్నా పెట్టిన పేరు ఎవరికీ గుర్తు లేదు. నేర్చుకునేవాడు స్టీరింగ్ పట్టుకుంటే ఆవిడ పక్క సీట్లో, తన కాళ్ల కింద బిగించుకున్న రెండో బ్రేక్ మీద కాలు వేసుకుని కూర్చునేది. దూరాన కుక్క కనిపించినా బ్రేకే, కుక్క నీడ కనిపించినా బ్రేకే. బడి మొహం చూసింది తక్కువ, రోడ్డు మొహం చూసింది ఎక్కువ. మొగుడు నేర్పిన డ్రైవింగ్‌ని మొగుడి కంటే బాగా చేసింది. ఆయన పోయాక ఉన్న ఒక్క కారుకీ బోర్డు తగిలించి స్కూలు పెట్టింది. ఒక గది, ఒక బల్ల, గోడ మీద రోడ్డు గుర్తుల పటం, ఆ పటాన్ని రోజంతా తపతప కొట్టే ఫ్యాను. ఆస్తి అంతే. పొగరు మాత్రం రెండంతస్తుల మేడంత.

ఆ కారుకి ఒక జబ్బు ఉండేది. పరిగెత్తుతున్నంతసేపూ బంగారం. ఎక్కడైనా ఆగి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారో, ఒళ్లంతా వణికి ప్రాణం వదిలేసేది. అందుకని ఆవిడ శిష్యులకి మొదటిరోజే ఒక కిటుకు చెప్పేది. ఆగినప్పుడు మునివేళ్లు బ్రేక్ మీద ఉండాలి, మడమ పక్కకి తిప్పి యాక్సిలరేటర్‌ని తాకుతూ ఉండాలి. "ఆగాం కదా అని దాన్ని మర్చిపోకూడదు నాయనా, పలకరిస్తూనే ఉండాలి" అనేది. శిష్యులు అదే వేదమనుకున్నారు. తర్వాత కొత్త కార్లు కొనుక్కుని, ఏ జబ్బూ లేని ఇంజిన్లని కూడా ఆగిన చోటల్లా పలకరిస్తూనే ఉన్నారు.

రెండు వీధుల వెనక ఆవిడ సొంత తమ్ముడికి కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. మంచి పనివాడే. కాకపోతే నోరూ చెయ్యీ రెండూ ఒకే వేగంతో పనిచేస్తాయి. ఒకనాడు స్కూలు ముందు శిష్యులందరూ నిలబడి ఉండగా, "అక్కా, నువ్వు నేర్పేది డ్రైవింగ్ కాదే. కారు జబ్బుని జనానికి అంటిస్తున్నావు" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. బ్రేకక్క నవ్వలేదు. "నిన్ను చంకనేసుకుని తిప్పినదాన్నిరా! నాకు చెప్పేంతటివాడివయ్యావా?" అని లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆ మూసిన తలుపు కొన్నేళ్లపాటు తెరుచుకోలేదు. కారుని ఊళ్లో ఉన్న మెకానిక్కులందరికీ చూపించింది గానీ తమ్ముడి షెడ్డు గడప తొక్కలేదు. తమ్ముడు తక్కువ తిన్నాడా? అక్క కారు ఎదురైతే ఆకాశంలో కాకుల్ని లెక్కపెట్టేవాడు.

ఇలా సాగిపోతుండగా రవాణా ఆఫీసుకి కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వస్తూనే స్కూలు కార్ల పర్మిట్ పరీక్షకి కొత్త పద్ధతి పెట్టాడు. ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, లోపల ఎవరూ పెడల్ తాకకూడదు, ఆయన కారు చుట్టూ తిరిగి లైట్లూ అద్దాలూ చూసుకుంటాడు. ఈలోగా ఇంజిన్ ఆగిపోయిందా, స్కూలు బోర్డు దించేయడమే. రేపు పరీక్ష అనగా ఆఫీసు గుమాస్తా ఫోన్‌లో ఈ మాట చెప్పాడు. బ్రేకక్క ఫోన్ పెట్టేసి బయటికొచ్చి బోర్డుకేసి చూసింది. తన వయసులో ఇంకో పని నేర్చుకోవాలి, లేదా తమ్ముడి గడప తొక్కాలి. రెండిట్లో ఏది తేలికో తేల్చుకోవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

షెడ్డు ముందు మరదలు ముక్కాలిపీట మీద కూర్చుని నట్లూ బోల్టులూ వేరుచేస్తోంది. లోపల ఒక వ్యాను కింద నుంచి రెండు పాదాలు బయటికి కనిపిస్తున్నాయి.

"రండి వదినా!" అంది మరదలు, కళ్లు పెద్దవి చేసి.

"ఎవరే?" అన్నాయి పాదాలు.

"మీ అక్క."

పాదాలు రెండూ ఒక్కసారి బిగుసుకున్నాయి.

"నేను రాలేదమ్మాయ్" అంది బ్రేకక్క గట్టిగా, అటు వినపడేలా. "కారు వచ్చింది. ఒంట్లో బాగాలేదంటే నేను తోడొచ్చానంతే."

తమ్ముడు బయటికి జారి లేచాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అక్కని దాటుకుని వెళ్లి కారు ముందు నిలబడ్డాడు. "కారు వచ్చిందా? అయితే కారునే అడుగుతాను. ఏమే ముసల్దానా, ఎక్కడ నొప్పి?"

బ్రేకక్క కూడా బానెట్‌కేసే చూసింది. "చెప్పవే. ఆగితే ఊపిరి ఆగిపోతోందని చెప్పు."

"పొద్దున్నే లేవగానేనా? ఒళ్లు వేడెక్కాకనా?"

"లేవగానే బాగానే ఉంటానని చెప్పు. వేడెక్కాకే ఈ వేషాలని చెప్పు."

"ఇప్పటిదాకా చూసిన మహానుభావులు ఏం చేశారు?"

"ఒకడు ప్లగ్గులు మార్చాడను. ఇంకొకడు కార్బురేటర్ విప్పి అంట్లగిన్నెలా తోమాడను. మూడోవాడు ఏదో స్క్రూ తిప్పి ఇంజిన్ వేగం పెంచాడను. దాంతో క్లచ్ వదిలితే చాలు, పొట్టేలులా ముందుకి దూకి ఎదురుగా ఉన్న చెత్తకుండీని పొడిచిందను. మళ్లీ తగ్గించుకున్నామను."

మరదలు బోల్టులు వదిలేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చోక్ కాస్త లాగితే ఏమవుతుంది?"

"లాగితే నిలబడుతుంది. ఆమాత్రం మాకూ తెలుసని చెప్పవే."

ఆ మాటకి తమ్ముడి కళ్లు మెరిశాయి. ఒక్క క్షణం కారునీ, పంతాన్నీ మర్చిపోయి పెళ్లాం వైపు తిరిగాడు. "విన్నావా? చోక్ లాగితే గాలి తగ్గుతుంది, పెట్రోల్ చిక్కబడుతుంది. దాంతో బతుకుతోందంటే, ఎక్కడి నుంచో దొంగగాలి దూరుతోందన్నమాట. కాలు నొక్కి ఉంచితే ఆ గాలి లెక్కలోకి రాదు, కాలు తీస్తే అదే గొంతు పిసుకుతుంది. కార్బురేటర్ని తోమితే ఏం లాభం? ఇంటి ముందు తాళం వేసి పెరటి తలుపు తెరిచిపెట్టినట్టు!"

"ఆ పెరటి తలుపు ఎక్కడో చెప్పమనవే" అంది బ్రేకక్క కారుతో.

"లోపలికెళ్లి కూర్చోమనవే" అన్నాడు తమ్ముడూ కారుతోనే.

ఆవిడ కూర్చుని ఇంజిన్ వేసింది. అతను బానెట్ ఎత్తి రబ్బరు గొట్టాలన్నీ ఒక్కొక్కటే తడిమాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. "బ్రేక్ తొక్కమను" అన్నాడు. ఆవిడ తొక్కింది. డ్యాష్‌బోర్డు కింద ఎక్కడో బుస్సుమంది, ఇంజిన్ ఒక్కసారి కుంగి ఆగిపోయింది.

"పామేమోనండీ!" అంది మరదలు.

"పాము కాదు, పెరటి తలుపు" అన్నాడతను. మళ్లీ వేయించాడు. ఈసారి బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే గొట్టానికి గుడ్డ చుట్టి పటకారుతో నొక్కి పట్టాడు. వణుకుతున్న ఇంజిన్ తడబాటు మాని నెమ్మదిగా, ఒకే తీరుగా తిరగసాగింది. పటకారు వదిలాడు. చచ్చింది. మళ్లీ వేయించి, నొక్కాడు. బతికింది.

బ్రేకక్క సీట్లోంచి ఇదంతా చూస్తోంది. ఇన్నేళ్లలో ఆ కారు తన కాలు లేకుండా బతకడం ఆవిడ చూడలేదు. పెద్ద కొడుకు వేరు కాపురం పెట్టినట్టనిపించింది.

"బ్రేక్‌కి బలమిచ్చే డబ్బా ఇది" అన్నాడు తమ్ముడు బానెట్‌తో. "లోపల రబ్బరు పొర ఉంటుంది. ఇంజిన్ పీల్చే పీల్పుతోనే అది పనిచేస్తుంది. ఆ పొర కాస్తా చిరిగింది. చిరగదూ మరి? ఈగ వాలినా తొక్కుడే, దోమ వాలినా తొక్కుడే. నీ యజమానురాలు తొక్కీ తొక్కీ నీ ఊపిరితిత్తి చింపేసిందే!"

"తొక్కకపోతే ఊళ్లో సగంమంది ఈపాటికి గోడల్లో ఉండేవారని చెప్పవే" అని వెంటనే వచ్చింది జవాబు. "వాళ్లలో ఒక మెకానిక్కు కూడా ఉండేవాడని చెప్పు. స్తంభానికీ సందుకీ తేడా తెలియని రోజుల్లో వాడికి నేర్పిందెవరో కూడా అడుగు."

తమ్ముడు ఆ మాట వినపడనట్టు బూస్టర్ మీద దుమ్ము తుడిచాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఈ మోడల్‌వి ఇప్పుడు రావడం లేదు. ఊరంతా వెతికినా దొరకవు."

బ్రేకక్క మొహంలో రంగు దిగిపోయింది. రేపే పరీక్ష. బతిమాలడం ఆవిడకి వచ్చిన విద్య కాదు. కారు దిగి, పైట సర్దుకుని, "పదవే, పోదాం. ఉన్నన్నాళ్లూ బతికాం" అంది కారుతో, నిబ్బరంగా.

"ఇవాళ ఇక్కడే పడుకోమను దాన్ని" అన్నాడు తమ్ముడు, కారుని కూడా కాకుండా ఎటో చూస్తూ. మరదలు "ఏమండీ, మరి మన..." అనబోతే కంటితోనే నోరు మూయించాడు.

మర్నాడు పొద్దున కారు వచ్చి స్కూలు ముందు ఆగింది. తమ్ముడు దిగి బానెట్‌తో, "కొత్త ఊపిరితిత్తి వేశాను. దారిలో ఏమైనా అయితే ఎవరు చూస్తారు? నేనూ వస్తున్నానని చెప్పు" అన్నాడు. "వస్తే వెనక కూర్చోమను" అంది బ్రేకక్క.

ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో ఇన్‌స్పెక్టర్ ఎదురొచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. మొహం కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంది. నల్లకళ్లద్దాలు తీయకుండానే డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజిన్ లేచింది. లేవడం కాదు, గర్జించింది. పెడల్ ఎవరూ తాకకూడదన్న మనిషే ఇంజిన్‌ని అలా ఎందుకు పలకరిస్తున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. బ్రేకక్క తలుపులోంచి తొంగి చూసింది. మెరుస్తున్న బూటు ముందుభాగం బ్రేక్ మీద ఉంది, మడమ పక్కకి తిరిగి యాక్సిలరేటర్ని తాకుతోంది. ఆవిడ మనిషిని గుర్తుపట్టలేదు గానీ కాలిని గుర్తుపట్టింది.

నా శిష్యుడే! ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఆ కాలు అక్కడున్నంతవరకూ కారు చావదు. కారు చావకపోతే బోర్డు దిగదు. దేవుడికీ, తనకీ ఒకేసారి దణ్ణం పెట్టుకుంది.

తమ్ముడికి మాత్రం ఒళ్లు మండిపోయింది. తన పని చూపించుకోవాలంటే ఆ కాలు పక్కకి జరగాలి కదా! "సార్, కాలు తియ్యండి" అన్నాడు.

"తియ్యకండి సార్!" అంది బ్రేకక్క.

"తీస్తేగా తెలిసేది!"

"తెలియకపోతే నష్టమేంట్రా నీకు? నోరు మూసుకుని ఉండు!"

"నన్ను నమ్మవా అక్కా?"

"నిన్ను నమ్మితే నా బోర్డు పోతుందిరా!"

"ఇన్నేళ్లు నమ్మకపోబట్టే ఇంతదాకా తెచ్చుకున్నావు! ఊరందరి దగ్గరికీ తిరిగావు, తోడబుట్టినవాడి దగ్గరికి రావడానికి మాత్రం కాళ్లు రాలేదు నీకు!"

"నలుగురిలో నవ్వులపాలు చేసినవాడి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?"

"ఆ నవ్వు నవ్విందెవరు? నీ శిష్యులు! నేను నవ్వానా? ఒట్టేసి చెప్పు, నేను నవ్వానా?"

"నువ్వెందుకు నవ్వుతావు! జోకు వేసినవాడు నవ్వడని తెలీదూ నాకు!"

"రాత్రి నా కారు బూస్టర్ ఊడదీసి నీ కారుకి వేశానే! నాదీ ఇదే మోడల్ కాబట్టి బతికిపోయావు. ఇంకోటి దొరికేదాకా నేను నడిచి తిరగాలి!"

మంచిమాటకి జవాబు వెతుక్కోవడం బ్రేకక్కకి అలవాటు లేదు. అందుకని అలవాటైనదే దొరికింది. "ఎవడు ఊడదీయమన్నాడు నిన్ను? నన్నొక మాట అడిగావా?"

"ఎలా అడగను? నువ్వు నాతో మాట్లాడవుగా!"

"ఇప్పుడు మాట్లాడుతున్నది నీతో కాక గోడతోనా!"

అన్నాక ఇద్దరికీ ఒకేసారి తట్టింది. నోళ్లు మూతపడ్డాయి. అప్పుడు వినిపించింది ఇంజిన్. గర్జన లేదు, వణుకు లేదు. నిండా పాలు తాగి పడుకున్న పిల్లిలా, తనలో తను చిన్నగా గురగురలాడుతోంది.

డ్రైవర్ సీటు ఖాళీగా ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆ గోల భరించలేక ఎప్పుడో దిగిపోయి, చుట్టూ తిరిగి, లైట్లూ అద్దాలూ చూసుకుని, వెనక చక్రం దగ్గర నిలబడి చెవిలో వేలు పెట్టి కెలుక్కుంటున్నాడు.

"అయిపోయిందా మీ ఇద్దరిదీ?" అన్నాడు. "పర్మిట్ పొడిగిస్తున్నాను. కానీ టీచరుగారూ, ఒక మాట చెప్పండి. కాలు తీసినా బండి ఆగదా?"

"ఆగదు సార్" అన్నాడు తమ్ముడు.

"నిన్నడిగారా?" అంది బ్రేకక్క. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, తల ఒక బెత్తెడు పైకెత్తి, "ఆగదు బాబూ. అది మొదటి పాఠం, ఇది రెండోది. నువ్వు మధ్యలోనే మానేసినట్టున్నావు" అంది.

ఇన్‌స్పెక్టర్ కళ్లద్దాలు తీసి చూశాడు. పాఠం విన్న పిల్లాడిలా తలూపి లోపలికి వెళ్లిపోయాడు.

బ్రేకక్క స్టీరింగ్ ముందు కూర్చుంది. తమ్ముడు ఎండలో నిలబడి గేటుకేసి, తర్వాత తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

"ఎక్కు" అంది.

అతను ముందు తలుపు మీద చెయ్యి వేశాడు.

"అటు కాదురా. అక్కడ బ్రేకుంది. వెనక్కి పో."

వెనక కూర్చున్నాడు. కారు గేటు దాటిందో లేదో, "అక్కా, క్లచ్ కాస్త నెమ్మదిగా వదలొచ్చుగా" అన్నాడు.

బ్రేకక్క కారు ఆపింది. వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి అతని వైపు తలుపు తెరిచింది.

"నడిచి తిరగాలన్నావుగా? మొదలుపెట్టు."

అతను దిగలేదు. తలుపు తనే వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆవిడా దింపలేదు.