కాక ఆడిన ఆట

మా కాక పోయాడని గోదావరిఖని నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య దేనికీ రావడం లేదు. కాళ్ళు పీకుతున్నాయి, అంతే. ఆఫీసు బస్సు వదిలేసి స్టేషన్‌కు పోయే బస్సెక్కాను.

కాక అంటే మా నాన్న తమ్ముడు. బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు ఊతంగా నిలబెట్టే పని. రిటైరయ్యాక కూడా ఎవరింటికి పోయినా ముందు పైకప్పు చూసి, తర్వాతే కూర్చునేవాడు. మా అన్నకు పిల్లను చూడబోయినప్పుడూ అంతే. "పిల్లను చూస్తవా, దూలాలు చూస్తవా?" అని చిన్నమ్మ అందరి ముందూ అడిగింది.

కొన్నేళ్ళ కింద నేనూ ఇంకో ముగ్గురూ కలిసి వీడియో గేములు చేసే చిన్న ఆఫీసు పెట్టుకున్నాం. టీవీకి తగిలించి ఆడుకునే ఒక మిషన్ అప్పుడే వచ్చింది, జనం పెద్దగా కొనలేదు. దాన్ని చేసిన కంపెనీయే నష్టాల్లో ఉంటే, బయటివాళ్ళం దానికి గేములు చేసి ఏం బాగుపడతాం? నలుగురం నెల రోజులు దీని మీదే కొట్లాడుకున్నాం. ఆ తలనొప్పి మోసుకుని నేను గోదావరిఖని పోయాను. గేమంటే ఏమిటో కాకకు తెలియదు. అయినా అన్నం తింటూ అంతా విన్నాడు. నా మాట అంత ఓపికగా విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు.

"కొన్నోళ్ళు కొందరన్న ఉన్నరు గదా బిడ్డా. ఆళ్ళకు ఆడెటందుకు ఏమున్నయి?"

"ఏం లేవు కాకా. పెద్ద కంపెనీలు చేసుడు బంద్ పెట్టినయి."

"మరింకేంది. మా బాయి మూస్తరని తెలిసినంక హోటళ్ళన్నీ లేచిపొయినయి. ఒక్కడు ఉన్నడు. మూడు షిఫ్టులోళ్ళం ఆని తాన్నే చాయ తాగినం."

బాయి మూసే ముందు, అప్పటిదాకా కప్పును మోసిన బొగ్గు స్తంభాలను కూడా తవ్వుకుంటూ వెనక్కి వస్తారట. కాక ఆ సంగతి చెప్పి, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "గప్పుడు చెవులు కప్పు మీదనే ఉండాలె. దుంగ పటపటమన్నదంటే బయటికే. సుత్తె మర్చిపొయిన, టిఫిన్ మర్చిపొయిన అనొద్దు."

తిరిగొచ్చి ఆ మిషన్‌కే గేము చేశాం. మొదటిది బాగా అమ్ముడుపోయింది. ఆ మిషన్ ఉన్నవాళ్ళకు వేరే దిక్కు లేదు, మాదే కొన్నారు. మిఠాయి పట్టుకుని పోతే కాక ఒక్కటే అడిగాడు. "దుంగ సప్పుడు ఇంటున్నరా?" వింటున్నామన్నాను. అబద్ధం. దుకాణాల వాళ్ళు ఆ మిషన్‌ను ముందు వరస నుంచి తీసి మూలకు పెట్టడం మేమందరం చూశాం. ఇంకొక్కటి చేసి బయటపడదాం అనుకున్నాం. రెండో గేము ఆదరాబాదరాగా దుకాణాలకు పంపాం. అది అందీ అందకముందే కంపెనీ ఆ మిషన్ చేయడమే ఆపేసింది. మా ఆఫీసుకు తాళం పడింది, నేను వేరే ఉద్యోగంలో చేరాను.

సిగ్గుతో రెండేళ్ళు ఖని పోలేదు. కాకే ఫోన్ చేసేవాడు. "పానం మంచిగున్నదా, ఏమన్న తిన్నవా" అనేవాడు. గేము ఊసు ఎత్తేవాడు కాదు. పని ఉందని నేనే పెట్టేసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత.

కాక పోయిన మూడోనాటి పనులయ్యాక ఆయన ఇంట్లో చూస్తే, టీవీ కింద ఆ మిషన్ ఉంది.

"ధర పడిపొయినంక కరీంనగర్ పొయి తెచ్చిండు. నా బిడ్డ చేసింది ఇంట్ల ఒక్కరన్న ఆడాలె అన్నడు" అంది చిన్నమ్మ. "రోజు అన్నం తిన్నంక గంట సేపు దీని ముంగటనే."

ఆన్ చేశాను. మా రెండో గేమే. బొమ్మ మనిషి మూడో లెవెల్లో ఒక తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

"ఏడాది సంది గీ తలుపు కాడనే ఆగిండు. ఎంతకు తెరుసుకోదు. బిడ్డ చేసినదాంట్ల తప్పుండది, నాకే వస్తలేదు అనేటోడు."

ఆ తలుపు తెరుచుకోదు. అది మా తప్పు. పంపే ముందే మాకు తెలుసు. సరిచేసే టైము లేదు, అంత దూరం ఎవరు ఆడతారులే అనుకున్నాం.

చిన్నమ్మ గేము ఆడే రిమోట్ నా చేతిలో పెట్టింది. "నువ్వన్న తెరువు బిడ్డా, చూస్త" అని పక్కనే కూర్చుంది.

నేను బటన్ నొక్కాను. మళ్ళీ నొక్కాను.